ఏడో నంబరు డ్రయర్

బల్లరాట్‌లో ఆషాఢం
వానతో రాదు.
తెల్లారేసరికి కారు అద్దం మీద
ఎవరో ఉప్పు చల్లి పోయినట్టుంటుంది.
గీకడానికి సరైన పనిముట్టు ఇంకా కొనలేదు,
గడువు తీరిన లైబ్రరీ కార్డుతోనే కానిస్తున్నాను.

ఇంట్లో హీటర్ పోయి తొమ్మిది రోజులు.
"మనిషిని పంపిస్తాం" అంటాడు ఏజెంటు.
ఆ మనిషి ఇంకా పుట్టి పెరగాలి కాబోలు.
ఈలోగా రెండు మేజోళ్ళ మీద మూడోది తొడిగి
కుక్కర్ కూతకి చేతులు చాచి నిలబడతాను,
అది నాకోసమే ఊపిరి వదులుతున్నట్టు.

అందుకే ఆదివారం సాయంత్రం లాండ్రీ.
బట్టలు ఒక సాకు.
వారమంతా చలి ఉతికి పెడుతుంది నన్ను,
ఆరేసుకోవడానికి ఇక్కడికొస్తాను.
డాలర్ వేస్తే ఆరు నిమిషాల ఎండ.

ఏడో నంబరుది మంచి చెయ్యి.
మిగతావి గొణుగుతాయి, ఇది కాస్తుంది.
సంగతి అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.
దాని ఎదుటి బెంచీ కోసం
మహా మర్యాదగా పోటీ పడతాం:
బురద జెర్సీల కుర్రాడు లాక్లన్,
నైట్ డ్యూటీకి ముందు వచ్చే దెంగ్,
వారం వారం ఒకే దుప్పటి ఉతికే బెరిల్.
ఆ దుప్పటి ఎప్పుడూ శుభ్రంగానే ఉంటుంది.
నేనూ అడగను.

నిన్న సంచీలో గోరింటాకు పొడి పెట్టుకెళ్ళాను.
ఇంట్లో రెండుసార్లు పెట్టుకున్నా పండలేదు,
టీ మరకలాగా మిగిలింది.
ఈ చలికి ఆకు కూడా ముడుచుకుంటుంది.

బెంచీ మీద పెరుగు డబ్బాలో కలిపి
అరచేతుల్లో చందమామలు,
వేలికొసలకి టోపీలు.
ఈ ఊళ్ళో టోపీ లేకుండా
ఎవరు బయటికొస్తారు గనక!
రెండు చేతులూ ఏడో నంబరు అద్దానికి చూపించాను.
లోపల నా తువ్వాళ్ళు
గిరగిరా తిరుగుతున్నాయి.

ఆగిపోయింది.
చేతులు పచ్చి. నాణెం జేబులో.
పది వేళ్ళుండీ ఒక్క వేలూ లేనిదాన్ని.

బెరిల్ లేచింది. ఏమీ అనలేదు.
తన పర్సులోంచి డాలర్ తీసి వేసింది.
అదయ్యాక దెంగ్ రెండు డాలర్ల నాణెం.
లాక్లన్ దగ్గర చిల్లర లేదు.
వెనిగర్ వాసనల వేడి చిప్స్ పొట్లం విప్పి
ఒకటి నా నోటిదాకా తెచ్చి
చెవులు ఎర్రబడి ఆగిపోయాడు.
నేను నోరు తెరిచాను,
నలభై నాలుగేళ్ళదాన్ని, పక్షి పిల్లలాగా.

"ఇంకా ఎంతసేపు?" అంది బెరిల్.
"పండాలి" అన్నాను,
ఇంగ్లీషులో ఆ మాట దొరక్క.
కాయా, కలా, తాంబూలం నమిలిన నోరూ
మాకు ఒక్కలాగే పండుతాయని
ఎక్కణ్ణుంచి మొదలుపెట్టి చెప్పను?
"పండాలి" అంది తనూ, డ దగ్గర కాస్త జారి.

రాల్చి చూస్తే, ఎరుపు!
నారింజా కాదు, టీ మరకా కాదు.
దెంగ్ ఈల వేశాడు.
బెరిల్ ఏమీ అడక్కుండా ఎడమ చెయ్యి చాపింది.
అల్లం కొమ్ముల్లాంటి వేళ్ళు,
ఉంగరం ఇక దిగనిది ఒకటి.
డబ్బా అడుగున మిగిలినదంతా గీకి
ఐదు టోపీలు పెట్టాను.
డ్రయర్ లోంచి ఆమె దుప్పటి తీసి
లాక్లన్ ఆమె భుజాల చుట్టూ కప్పాడు,
చెయ్యి ఒక్కటీ బయటికుంచి.
ఆమె కళ్ళు మూసుకుంది.
చాలాసేపు ఎవరమూ
బట్టలు మడత పెట్టలేదు.

ఇవాళ పొద్దున మళ్ళీ అద్దం మీద ఉప్పు.
కార్డు పట్టుకున్న వేళ్ళు పదీ ఎర్రగా ఉన్నాయి,
చలి చేసిన ఎరుపు కాదు.

హీటర్ మనిషి రాలేదు.
రాకపోతే ఏం అనను, రావాల్సిందే.
వచ్చినా సరే,
ఆదివారం నా తువ్వాళ్ళు
మురికిగానే ఉంటాయి.